జామియా ఉస్తాద్ డాక్టర్ జాకిర్ హుస్సేన్ మర్హూమ్

మన సంఘం వార్షిక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం వ్రాసి ఇవ్వమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేము ఎక్కువ ఆలోచించలేదు. డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి పేరే చెప్పాం. వారు మన దేశానికి రాష్ట్రపతి అయ్యారని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్విజ్ పోటీల్లో ఆ ఒక్క జవాబు చెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్లలు మా క్లాసులోనే ఉన్నారు. కాని రాష్ట్రపతి పదవి వారి జీవితంలో చివరి 2 సంవత్సరాల మాట. అంతకుముందు 1926 నుంచి 1948 వరకు, అనగా 22 సంవత్సరాలు, వారు ఒక బీద విద్యాలయానికి పెద్దదిక్కుగా ఉన్నారు. సర్కారు గుర్తింపు లేని, ఇంగ్లీషు సర్కారు డబ్బు ముట్టని విద్యాలయం అది. ఆ 22 ఏళ్ళ సంగతే ఇక్కడ ఎక్కువగా చెప్పదలచుకున్నాం. ఉర్దూలో వ్రాయటం మాకు సులువు. కాని మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ చదవటం రావటం లేదు గనుక తెలుగులోనే వ్రాస్తున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఇంకొక కారణం కూడా ఉంది. మనకంటూ సొంత స్కూలు ఒకటి ఉండాలి అనే మాట మన సమావేశాల్లో తరచు వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ముందు స్థలం గురించి మాట్లాడతాం, తర్వాత బిల్డింగు, తర్వాత గుర్తింపు, తర్వాత బోర్డు మీద ఎవరి పేరు ఉండాలి అనేది. అంతలో టీ వస్తుంది, సమావేశం ముగుస్తుంది. పాఠం చెప్పేవాళ్ళు ఎవరు, ఏం చెబుతారు అనే సంగతి ఎవరూ ఎత్తరు. జామియా కథ అక్కడినుంచే మొదలైంది. స్థలం లేదు, బిల్డింగు లేదు, గుర్తింపు అసలే లేదు.

జాకిర్ సాహెబ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1897 ఫిబ్రవరి 8న. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠాన్లు. సొంతవూరు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు బతుకుదెరువు కోసం దక్కనుకు వచ్చి, వకీలుగా పేరు సంపాదించి, ఒక న్యాయశాస్త్ర పత్రిక కూడా నడిపారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడవవాడు. 1907లో తండ్రి చిన్నవయసులోనే పోయారు. పిల్లవాడికి అప్పుడు పదేళ్ళు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని కాయంగంజ్ వెళ్ళిపోయారు. 1911లో ప్లేగు వచ్చి ఆ తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. హైదరాబాద్‌తో ఆ కుటుంబానికి సంబంధం మాత్రం తెగలేదు. తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చాలాకాలం చరిత్ర ఆచార్యులుగా పనిచేశారు.

జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో వేశారు. మౌల్వీ బషీరుద్దీన్ గారనే ఒకరు పట్టుదలతో నిలబెట్టిన స్కూలు అది. పిల్లలు సాదా బట్టలు కట్టాలి, సాదా తిండి తినాలి, నమాజు తప్పకూడదు. హెడ్‌మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారంటే జాకిర్ సాహెబ్‌కు జీవితాంతం గౌరవం. కౌమ్ తన సొంత డబ్బుతో నడుపుకునే స్కూలు ఎట్లా ఉంటుందో వారు మొదట చూసింది అక్కడేనన్న సంగతి గుర్తుంచుకోవాలి.

1913లో అలీగఢ్ కాలేజీకి వెళ్ళారు. డాక్టరీ చదవాలని కోరిక. లక్నోలో సైన్సులో చేరారు గాని జబ్బు చేసి ఆ చదువు ఆగిపోయింది. మళ్ళీ అలీగఢ్‌కే వచ్చి 1918లో బి.ఏ. పూర్తిచేశారు. ఈలోగా 1915లో షాజహాన్ బేగం గారితో వివాహమైంది. ఆ తర్వాత ఎం.ఏ. చదువుతూ కాలేజీలో కొంత పాఠం కూడా చెప్పేవారు. మాట చాతుర్యం ఉంది, చదువు ఉంది. ఇంకో రెండు మూడేళ్ళు ఓపికపడితే మంచి సర్కారు ఉద్యోగం తప్పకుండా వచ్చేది.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. అది ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల కాలం. సర్కారు గ్రాంటు తీసుకునే కాలేజీని వదలి బయటికి రమ్మని విద్యార్థుల్ని కోరారు. కాలేజీ పెద్దలు ఒప్పుకోలేదు. వచ్చిన నాయకుల్ని ఎగతాళి చేసిన విద్యార్థులు కూడా ఉన్నారు. జాకిర్ సాహెబ్‌కు ఆ ఎగతాళి సిగ్గుచేటనిపించింది. అయితే వారు వట్టి ఆవేశంతో బయటికి నడవలేదు. బయటికి వస్తాం సరే, వచ్చి ఎక్కడ చదువుకోవాలి అన్న ప్రశ్న ముందుగా నాయకుల ముందు పెట్టారు. కాలేజీ వదలమనటం తేలిక, ఇంకొక కాలేజీ కట్టి ఇవ్వటం కష్టం. హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ, మౌలానా మహమ్మద్ అలీ కలిసి జాతీయ విద్యాలయం పెట్టడానికి ఒప్పుకున్నారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ఆరంభమైంది. మాల్టా ఖైదు నుంచి విడుదలై వచ్చిన షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ గారు నడవలేని స్థితిలో కూడా వచ్చి ప్రారంభించారు. వారి ప్రసంగాన్ని మరొకరు చదివి వినిపించవలసి వచ్చింది. క్లాసులు డేరాల్లో జరిగేవి. అప్పటికి జాకిర్ సాహెబ్ వయసు 23.

రెండేళ్ళు అక్కడ పనిచేసి 1922లో వారు జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో సోంబార్ట్ అనే ప్రసిద్ధ ఆచార్యుని దగ్గర చదివి, హిందూస్థానంలో వ్యవసాయ వ్యవస్థ మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేటు తీసుకున్నారు. గాలిబ్ దీవాన్‌ను బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో 1925లో ముచ్చటగా అచ్చు వేయించింది కూడా వారే. చాలా అక్షరాలు స్వయంగా కూర్చారని చెబుతారు. కాని జర్మనీలో వారికి దొరికిన అసలు సొమ్ము వేరే. మ్యూనిక్ నగరపు పాఠశాలలను చాలాకాలం నడిపిన కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త భావాలు వారి మనసుకు పట్టాయి. పిల్లవాడు పుస్తకం ముందు కూర్చుని బట్టీపట్టటం వల్ల కాదు, చేతులతో ఒక పని తలపెట్టి, అది ఎట్లా చేయాలో ఆలోచించి, చేసి, చేసిన దానిలో తప్పొప్పులు తానే చూసుకోవటం వల్ల మనిషి అవుతాడని ఆయన సిద్ధాంతం. అందుకని ఆయన స్కూళ్ళలో వడ్రంగి బల్ల, వంటగది, తోట ఉండేవి. జాకిర్ సాహెబ్ ఈ విషయం మీదనే తర్వాత జీవితమంతా మాట్లాడారు, వ్రాశారు. చేతిపని అంతా చదువు కాదని కూడా వారు తేల్చి చెప్పేవారు. ఆలోచన లేకుండా చేసిన పని కూలిపనే.

వారు బెర్లిన్‌లో ఉండగా ఇక్కడ జామియా పరిస్థితి విషమించింది. 1924లో టర్కీవాళ్ళే ఖిలాఫత్‌ను రద్దు చేశారు. ఇక్కడ ఖిలాఫత్ కమిటీ చల్లబడింది, దాని నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. సహాయ నిరాకరణ కూడా అప్పటికే ఆగిపోయిందాయె. ఉద్యమమే లేనప్పుడు ఉద్యమం కోసం పుట్టిన స్కూలు ఎందుకు, మూసేద్దాం అని పెద్దల్లో కొందరు అన్నారు. హకీం సాహెబ్, గాంధీజీ ఒప్పుకోలేదు. డబ్బు కోసం తాను జోలె పట్టటానికైనా సిద్ధమని గాంధీజీ ధైర్యం చెప్పారు. పేరులో ఇస్లామియా అన్న మాట తీసేస్తే ఇతర మతాల ధనికుల నుంచి విరాళాలు తేలికగా వస్తాయని ఎవరో సలహా ఇస్తే దాన్ని అందరికంటే గట్టిగా వ్యతిరేకించింది కూడా ఆయనే. 1925లో జామియాను అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్ బాగ్‌లోని అద్దె ఇళ్ళకు మార్చారు. జర్మనీలో ఉన్న ముగ్గురు మిత్రులు, జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్, తాము వచ్చేవరకు దాన్ని మూయవద్దని, వచ్చి తమ జీవితాలు దానికే ఇస్తామని కబురు పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. 29 ఏళ్ళ జాకిర్ సాహెబ్‌ను షేఖుల్ జామియాగా, అనగా వైస్ ఛాన్సలర్‌గా, పెట్టారు. పదవి పేరు పెద్దది. కింద ఉన్నవి అప్పులు, అద్దె ఇళ్ళు, కొద్దిమంది పిల్లలు.

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ గారు పోయారు. జామియా కోసం ధనికుల తలుపు తట్టేది ఆయనే, లోటు పడితే తన సొంత డబ్బు పెట్టేదీ ఆయనే. ఆయన పోయాక నెలజీతాలకు దిక్కు లేకుండా పోయింది. అప్పుడు జాకిర్ సాహెబ్ చేసిన పని మనం బాగా ఆలోచించవలసింది. వారు కొత్త ధనికుణ్ణి వెదకలేదు. 1928లో ఉపాధ్యాయుల్నే పిలిచి కూర్చోబెట్టి అంజుమనె తాలీమె మిల్లీ అనే సంఘం పెట్టారు. అందులో చేరినవారు 20 సంవత్సరాలు జామియాలోనే పనిచేయాలి. నెలకు 150 రూపాయలకు మించి జీతం ఆశించకూడదు. యాజమాన్యం వారిదే, కష్టం వారిదే. వారు తీసుకున్నది 150 కంటే తక్కువే, అదీ నెలనెలా సమయానికి అందిందని కాదు. ఆ డాక్టరేటు పట్టుకుని ఏ విశ్వవిద్యాలయానికి వెళ్ళినా ఎన్నో రెట్లు ఎక్కువ దొరికేది.

ఇక్కడ మేము ఒక్క మాట అనాలి, ఎవరూ తప్పు పట్టకూడదు. జామియా ఉపాధ్యాయుల త్యాగం గురించి మన సభల్లో గొప్పగా ఉపన్యాసాలు ఇస్తారు. ఇచ్చి, తమ చేతికింద ఉన్న స్కూల్లో టీచరుకు మూడు నెలలకు ఒకసారి సగం జీతం ఇస్తారు. అడిగితే ఖుర్బానీ గురించి చెబుతారు. సర్కారు ఉద్యోగం రాకముందు మేము అటువంటి ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేశాం. పండుగకు కూడా జీతం రాలేదు, ప్రెసిడెంటు గారి కారు మాత్రం మారింది. జామియాలో ప్రమాణం చేసినవాళ్ళు తామే యజమానులు, లెక్కల పుస్తకం వాళ్ళ ముందే ఉంది, ఎక్కువ తినేవాడు పైన ఎవడూ లేడు. త్యాగం తనంతట తాను చేసేది. ఒకడు ఇంకొకడి చేత చేయించేదానికి వేరే పేరు ఉంది. ఇంకొక సంగతి. ఆ ప్రమాణపు బరువు సంతకం పెట్టినవాళ్ళకంటే వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు ఎక్కువ మోశారు. షాజహాన్ బేగం గారు ఆ కొద్ది డబ్బుతో ఇల్లు ఎట్లా నడిపారో ఎవరూ పుస్తకం వ్రాయలేదు.

ధనికులు లేకపోతే డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? హందర్దానె జామియా అని ఒక ఏర్పాటు చేశారు, అనగా జామియా పట్ల సానుభూతి గలవారు. ఊరూరా సామాన్యులు తమకు తోచిన చిన్న చందా క్రమంగా పంపేవారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ గారు ఈ పనికోసం ఊళ్ళు తిరిగారు. పదిమంది పెద్ద దాతలకంటే వెయ్యిమంది చిన్న దాతలు మేలని జాకిర్ సాహెబ్ ఉద్దేశం. పెద్ద దాత స్కూలుకు వస్తే తన బావమరిదికి ఉద్యోగం అడుగుతాడు. నెలకు నాలుగు డబ్బులు పంపే దర్జీ ఏమీ అడగడు, తన కొడుకును బాగా చదివించమంటాడు అంతే.

సర్కారు నుంచి దూరంగా ఉండటం ఒక ఎత్తు. నాయకుల నుంచి దూరంగా ఉండటం ఇంకొక ఎత్తు, అదే ఎక్కువ కష్టం. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. జామియా పుట్టిందే ఉద్యమంలో గనుక మొత్తం విద్యాలయం జైలుకు వెళుతుందని అందరూ అనుకున్నారు. ఎవరికివారు వెళ్ళదలచుకుంటే వెళ్ళవచ్చు గాని విద్యాలయం మాత్రం పాఠాలు ఆపదని జాకిర్ సాహెబ్ నిలబడ్డారు. గాంధీజీకి సన్నిహితుడై ఉండి కూడా ఈ మాట అనటం మామూలు సంగతి కాదు. గాంధీజీ దాన్ని తప్పుగా తీసుకోలేదు. ఆయన కుమారుడు దేవదాస్ జామియాలో పాఠం చెప్పారు, మనుమడు రసిక్ అక్కడ ఉంటూనే 1929లో జబ్బుచేసి చనిపోయాడు. అంత దగ్గర సంబంధం.

ఇంత కష్టపడి కాపాడుకున్న స్వేచ్ఛతో లోపల చేసిందేమిటి అనేది అసలు ప్రశ్న. సర్కారు స్కూలు సిలబస్సునే సర్కారు లేకుండా చెప్పదలచుకుంటే ఇంత శ్రమ ఎందుకు? జామియాలో కింది క్లాసు నుంచి పై చదువు వరకు ఉర్దూలోనే బోధించారు. ఇంగ్లీషు నేర్పారు, బాగా నేర్పారు, కాని ఒక భాషగా నేర్పారు. ముస్లిం పిల్లలకు దీన్ చదువు తప్పనిసరి. హిందూ పిల్లలు కూడా ఉండేవారు, వారికి వారి ధర్మం చెప్పేవారు. ప్రాథమిక పాఠశాలలో అబ్దుల్ గఫార్ ముధోలీ గారనే ఉపాధ్యాయులు ప్రాజెక్టు పద్ధతి పెట్టారు. పిల్లలే ఒక బ్యాంకు నడిపేవారు, పిల్లలే ఒక దుకాణం నడిపేవారు. లెక్కల పాఠం ఆ దుకాణం నుంచే పుట్టేది. పిల్లల కోసం పయామె తాలీమ్ అనే పత్రిక, పుస్తకాల కోసం మక్తబా జామియా. ఈ మక్తబా అచ్చువేసిన పిల్లల పుస్తకాలు మన ఉర్దూ మీడియం స్కూళ్ళ బీరువాల్లో చిరిగిపోయి ఇంకా కనిపిస్తుంటాయి.

బెర్లిన్‌లో పరిచయమైన గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ హిట్లరు పెత్తనం మొదలవుతున్న రోజుల్లో ఢిల్లీ వచ్చి జామియాలో చేరారు. చిన్నపిల్లల క్లాసులు, హాస్టలు చూసేవారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె ఇక్కడే పోయారు. జామియా ఖబర్‌స్తాన్‌లోనే ఆమెను ఖననం చేశారు.

జాకిర్ సాహెబ్ పెద్ద చదువులవాళ్ళకంటే చిన్నపిల్లల మీద ఎక్కువ మనసు పెట్టారు. పిల్లలు మాసిన బూట్లతో వస్తుంటే చెప్పి చెప్పి విసిగి, ఒకరోజు తానే బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారనే కథ మనలో చాలామంది విన్నదే. ఇంకొకటి వినటానికే కష్టం. పాసైన చిన్నపిల్లలకు ఒకనాడు వారు మిఠాయి పంచుతున్నారట. నౌకరు వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. వారి ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు, చివరి పిల్లవాడి దాకా పంచి అప్పుడు లేచారు. చిన్నకూతురు రెహానా పోయిందని ఆ కబురు. పిల్లల సంతోషం చెడగొట్టటానికి మనసొప్పలేదని తర్వాత చెప్పారట. పిల్లల కోసం వ్రాసిన కథలను వారు ఆ బిడ్డ పేరుతో, రుఖయ్యా రెహానా అనే పేరుతో అచ్చువేయించారు.

ఆ కథల్లో అబ్బూ ఖాన్ కీ బక్రీ మన ఉర్దూ చదివినవారందరికీ గుర్తుండే ఉంటుంది. అల్మోరా కొండల్లో అబ్బూ ఖాన్ అనే ముసలాయన దగ్గర చాందినీ అనే మేక. తిండి బాగా పెడతాడు, ప్రేమగా చూస్తాడు, తాడుతో కట్టేస్తాడు. అది ఎట్లాగో బయటపడి కొండెక్కుతుంది. పగలంతా స్వేచ్ఛగా తిరుగుతుంది. రాత్రి తోడేలు వస్తుంది. తెల్లవారేదాకా పోరాడి పడిపోతుంది. చెట్టు మీది పక్షులు తోడేలు గెలిచిందంటాయి, ఒక ముసలి పక్షి మాత్రం చాందినీయే గెలిచిందంటుంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు లేచి, తాడు దగ్గరే ఉంటే బతికేది కదా సార్ అంటారు. మేము వెంటనే జవాబు చెప్పం. మిగతా పిల్లలే చెబుతారు, గట్టిగా తగవులాడుకుంటారు. జామియా కష్టాల మధ్య ఉన్న మనిషి వ్రాసిన కథ అది అని పిల్లలకు తెలియదు.

1935 మార్చి 1న ఢిల్లీ బయట ఓఖ్లాలో, యమున పక్కన, సొంత స్థలంలో స్కూలు భవనానికి పునాది వేశారు. పునాదిరాయి వేయటానికి నవాబునో నాయకుణ్ణో పిలవలేదు. స్కూల్లో అందరికంటే చిన్న విద్యార్థి చేత వేయించారు. మన ఊళ్ళో శంకుస్థాపన శిలాఫలకాల మీద పేర్ల వరుస చూసినప్పుడల్లా మాకు ఆ పిల్లవాడు గుర్తుకొస్తాడు.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ పెట్టారు. ఏదైనా ఒక చేతివృత్తి ఆధారంగా, మాతృభాషలో, 7 సంవత్సరాల ఉచిత చదువు ఉండాలనీ, పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో స్కూలు ఖర్చు తీరాలనీ ఆయన ఆలోచన. జాకిర్ సాహెబ్ లేచి వృత్తితో చదువు అనేదాన్ని సమర్థించారు గాని, అమ్మకం సంగతి మీద హెచ్చరిక చేశారు. ఆదాయమే ముఖ్యమైతే ఉపాధ్యాయుడు పిల్లల చేత చాకిరీ చేయించే మేస్త్రీ అవుతాడని వారి భయం. అయినా గాంధీజీ సిలబస్సు తయారుచేసే కమిటీకి వారినే అధ్యక్షుణ్ణి చేశారు. మనలో బేసిక్ స్కూళ్ళు అనే పేరు విన్న పాతతరం వారికి ఆ పథకం మూలం ఇదే. దాన్ని నడపటానికి పెట్టిన హిందూస్థానీ తాలీమీ సంఘ్‌కు కూడా వారే అధ్యక్షులు. 1938లో జామియాలో ఉస్తాదోం కా మదర్సా అని ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయం తెరిచారు.

ఈ పని వారికి సొంత కౌమ్‌లోనే మాటలు తెచ్చిపెట్టింది. వార్ధా పథకం ముస్లిం పిల్లలను దీన్ నుంచి దూరం చేస్తుందని ముస్లిం లీగ్ గట్టిగా ప్రచారం చేసింది. కమిటీ అధ్యక్షుడు ముస్లిం కావటం ఇంకా పెద్ద నేరమైపోయింది. వారు ఎదురు ఆరోపణలు చేస్తూ తిరగలేదు. అయితే ఆ ఆరోపణల్లో అంతా అబద్ధమే అని మేము అనం. ఆ ప్రణాళికలో మతబోధ లేకపోవటం నిజం, ఇంట్లో దీన్ చెప్పేవారు లేని పిల్లవాడి సంగతి ఏమిటనేది న్యాయమైన ప్రశ్నే. తన సొంత జామియాలో దీన్ తప్పనిసరి చేసి, దేశమంతటికీ వ్రాసిన ప్రణాళికలో వదిలేయటం కొందరికి వింతగా తోచింది. మాకు తోచింది ఏమిటంటే, సర్కారు స్కూలు అందరిదీ, సొంత స్కూలు ఎవరిది వారిది. దేన్లో ఏది చెప్పాలో వారికి తేడా తెలుసు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం. దేశం అప్పటికే నెత్తురు చూస్తోంది. కలకత్తా, నవఖాలీ, బీహారు. ఒకరి ముఖం ఒకరు చూడని నాయకుల్ని జాకిర్ సాహెబ్ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. జిన్నా, లియాఖత్ అలీ ఒకవైపు, నెహ్రూ, మౌలానా ఆజాద్, రాజాజీ ఒకవైపు. పొగడ్తలతో గడిచిపోవలసిన సభలో వారు నాయకులకు మొరపెట్టుకున్నారు. ఈ మంట ఎవరు పెట్టారని ఇప్పుడు అడగవద్దనీ, ముందు ఆర్పమనీ, ఈ ద్వేషంలో పిల్లల్ని మనుషులుగా పెంచటం ఉపాధ్యాయుల వల్ల కాదనీ వేడుకున్నారు. విన్నవారిలో కళ్ళు తుడుచుకున్నవారున్నారు. మంట ఆరలేదు.

1947లో కరోల్ బాగ్‌లోని మక్తబా జామియాను తగలబెట్టారు, ఏళ్ళ తరబడి అచ్చువేసిన పుస్తకాలు బూడిదయ్యాయి. ఆ ఆగస్టులోనే కాశ్మీరు వెళుతూ జాకిర్ సాహెబ్ జలంధర్ స్టేషన్‌లో అల్లరిమూక చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. తిరిగి వచ్చి ఓఖ్లాలో మళ్ళీ పనిలో కూర్చున్నారు. ఇద్దరు తమ్ముళ్ళలో యూసుఫ్ హుస్సేన్ గారు ఇక్కడ ఉండిపోయారు, మహమూద్ హుస్సేన్ గారు పాకిస్తాన్ వెళ్ళి అక్కడ విద్యామంత్రి అయ్యారు. ఎన్ని ఇళ్ళలో ఇట్లా జరిగిందో మన పెద్దలకు తెలుసు.

1948లో వారిని అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పంపారు. 28 ఏళ్ళ క్రితం వదిలి వచ్చిన చోటికే, దాన్ని అందరూ అనుమానంగా చూస్తున్న రోజుల్లో వెళ్ళి, 1956 దాకా నిలబెట్టారు. జామియాను మిత్రుడు ముజీబ్ గారికి అప్పగించారు. ముజీబ్ గారు 1973 వరకు దాన్ని మోశారు. తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967లో రాష్ట్రపతి ఎన్నికలో మన తెలుగువారైన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారిపై గెలిచి మే 13న ప్రమాణం చేశారు. ఆ పదవికి వచ్చిన మొదటి ముస్లిం వారే. రాష్ట్రపతి భవనంలో కూడా గులాబీ మొక్కలు పెంచటమే వారికి ఇష్టమైన కాలక్షేపం.

స్వాతంత్ర్యం వచ్చాక జామియా కూడా సర్కారు గ్రాంటు తీసుకుంది. 1962లో విశ్వవిద్యాలయ హోదా, 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయం. జీతాలు సమయానికి వస్తున్నాయి, డిగ్రీకి విలువ వచ్చింది. అప్పటి స్వేచ్ఛ పోయిందని బాధపడేవారు ఉన్నారు. మేము ఆ మాటతో పూర్తిగా ఏకీభవించలేం. వారు వద్దన్నది పరాయి సర్కారు డబ్బు. సొంత ప్రజల సర్కారు పన్నుల డబ్బు, హందర్దుల చందా, రెండూ ప్రజల జేబులోంచి వచ్చినవే. అయినా ఒక తేడా ఉంది. నెలనెలా తానే పంపే స్కూలు గురించి దర్జీ అడిగి తెలుసుకుంటాడు. పన్నుతో నడిచే స్కూలు గురించి అడగటం మనం మరచిపోయాం. మా స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1969 మే 3న రాష్ట్రపతిగా ఉండగానే ఢిల్లీలో గుండె ఆగి పరమపదించారు. ఆ పదవిలో ఉండగా మరణించిన మొదటివారు కూడా వారే. అప్పటి ఉపరాష్ట్రపతి వి.వి.గిరి గారు ఆ బాధ్యత తీసుకున్నారు. రాష్ట్రపతి భవనం నుంచి జనాజాను రాజలాంఛనాలతో ఓఖ్లాకు తీసుకువెళ్ళారు. ఏ పిల్లవాడు పునాదిరాయి వేశాడో ఆ స్కూలున్న జామియా ఆవరణలోనే వారిని ఖననం చేశారు.